"నేనెంతటివాడను?" అనిపించే పిలుపు వచ్చినప్పుడు మొదటి అడుగు ఎలా వేయాలి

వాక్యం వింటున్నప్పుడో, ఒంటరిగా మోకరించినప్పుడో, ఆసుపత్రి వరండాలో ఎవరి కన్నీళ్లో చూసినప్పుడో ఒక పని మీ మనసుమీద పడుతుంది. దించుకుందామంటే దిగదు. మన సంఘాల్లో దీన్ని భారం అంటాం. అది పడిన మరుక్షణమే లోపల మరో గొంతు లేస్తుంది. నేనెక్కడ, ఆ పనెక్కడ? చదువు చాలదు, మాట రాదు, వయసు మించిపోయింది, ఇంట్లో పరిస్థితి బాగాలేదు. ఆ రెండింటి మధ్య మీరిప్పుడు నలుగుతున్నట్లయితే ఇది మీ కోసమే రాస్తున్నాను. నేను అక్కడ రెండేళ్లు ఆగిపోయాను. ముందు ధైర్యం రావాలి, ఆ తరువాత వెళ్లాలి అనుకోవడమే నా పొరపాటు. ధైర్యం రాలేదు. వెళ్లడం మొదలుపెట్టాక కూడా చాలాకాలం రాలేదు. అయినా పని జరిగింది.

కాబట్టి సందేహాన్ని ఒక్క దెబ్బతో పోగొట్టే ఉపాయం ఇక్కడ వెతకకండి. సందేహం లోపల ఉండగానే ఎలా నడవాలో నాకు తెలిసినంతవరకు చెబుతాను. బైబిల్లోని మోషే, గిద్యోను, యిర్మీయా ముగ్గురూ అలాగే నడిచారు.

1. అది పిలుపేనా అని ముందు చూసుకోండి

కూటంలో అందరితోపాటు చెయ్యి ఎత్తి చేసిన తీర్మానం సోమవారం పొద్దుటికి చల్లారిపోతే కంగారు పడకండి. అది ఆ సాయంత్రపు ఉత్సాహం, అంతే. వారాలు గడిచినా, నెలలు గడిచినా వదలకుండా వెంటాడుతుంటే అప్పుడు కూర్చుని ఆలోచించండి. ఆ పనివల్ల మేలు ఎవరికి? మీకు పేరు రావడం తప్ప ఇంకెవరికీ ఏమీ ఒరగకపోతే దాన్ని పక్కన పెట్టండి. వాక్యానికి విరుద్ధమైన పనిని చేయమని దేవుడు పిలవడు. అబద్ధం చెప్పి, అప్పులు ఎగ్గొట్టి, పిల్లల్ని పస్తులుంచి చేయవలసిన సేవ ఏదీ ఉండదు.

తరువాత, మిమ్మల్ని బాగా ఎరిగిన ఇద్దరు ముగ్గురికి చెప్పండి. మిమ్మల్ని పొగిడేవాళ్లకు కాదు, తప్పును తప్పు అని మొహంమీద చెప్పగలవాళ్లకు. అంతియొకయలోని తొలి సంఘంలో బర్నబాను, సౌలును (తరువాత పౌలు) సేవకు ప్రత్యేకపరచమన్న మాట ఆ ఇద్దరి చెవిలో రహస్యంగా పడలేదు. ఆరాధిస్తూ, ఉపవాసం చేస్తున్న ప్రవక్తల, బోధకుల మధ్య వినబడింది. వాళ్లు మళ్లీ ఉపవాసముండి, ప్రార్థించి, చేతులుంచి పంపారు. నిజమైన పిలుపు నలుగురి ముందు పెడితే చెదిరిపోదు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. "నీ గురించి దేవుడు నాకు చెప్పాడు, పొలం అమ్మి తీసుకురా, ఇంట్లో చెప్పకు" అని ఎవరైనా అంటే వెంటనే లేచి ఇంటికి వెళ్లిపోండి. దాచమనే పిలుపు దేవునిది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

2. మీ అభ్యంతరాలన్నీ కాగితంమీద పెట్టండి

నిర్గమకాండం మూడు, నాలుగు అధ్యాయాలు తెరిచి, పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని చదవండి. ఐగుప్తులో బానిసలుగా ఉన్న తనవాళ్లను విడిపించమని దేవుడు పిలిస్తే, మండుతున్న పొద ముందు మోషే ఐదుసార్లు వెనకాడాడు. నేనెంతటివాడను అన్నాడు. నిన్ను పంపినవాడి పేరేమిటని వాళ్లు అడిగితే ఏం చెప్పాలి అన్నాడు. వాళ్లు నన్ను నమ్మరు అన్నాడు. నోటి మాంద్యం, నాలుక మాంద్యం ఉన్నవాణ్ని అన్నాడు. చివరికి, సాకులన్నీ అయిపోయాక, నీవు పంపదలచినవాణ్నే పంపు అనేశాడు. మొదటి నాలుగింటికీ దేవుడు విసుక్కోలేదు. ఒక్కొక్కదానికీ కూర్చోబెట్టి చెప్పినట్టు జవాబు చెప్పాడు. ఆయన కోపం రగులుకున్నది ఐదోదానికే. సందేహపడటానికీ, వెళ్లనని మొండికేయడానికీ మధ్య ఆయన గీసిన గీత అదే.

మీరూ అలాగే రాయండి. పుస్తకంలో ఎడమపేజీలో ఒక్కో అభ్యంతరం ఒక్కో వరుసలో. "అర్హత లేదు" అని తేల్చేయకండి. దేనికి అర్హత లేదు? నలుగురిలో నిలబడి మాట్లాడటానికా? డబ్బు లెక్కలు చూడటానికా? రోగిని చూస్తే కళ్లు తిరుగుతాయా? పేరు పెట్టలేని భయం కొండంత కనిపిస్తుంది. పేరు పెట్టగానే అది గదిలో ఒక మూలకు సర్దుకుంటుంది. కుడిపేజీ ఖాళీగా ఉంచండి. జవాబులు వచ్చినప్పుడు తేదీ వేసి అక్కడ రాయాలి.

రాసేటప్పుడు ఒక్కోదాని వేరు ఎక్కడుందో వెతకండి. మోషే సంగతే చూడండి. నలభై ఏళ్ల వయసులో తనవాళ్లను విడిపించబోయి ఒక ఐగుప్తీయుణ్ని చంపి ఇసుకలో పూడ్చాడు. మర్నాడు కొట్లాడుకుంటున్న ఇద్దరు హెబ్రీయులను విడదీయబోతే, మామీద నిన్ను అధికారిగా, తీర్పరిగా నియమించినవాడెవడని వాళ్లలో ఒకడు అడిగాడు. మోషే మిద్యానుకు పారిపోయాడు. ఇంకో నలభై ఏళ్లకు పొద దగ్గర, నిన్ను పంపుతానని దేవుడు అన్నప్పుడు అతని నోట వచ్చిన మొదటి అభ్యంతరం, "నేనెంతటివాడను?" నాకు ఆ రెండు ప్రశ్నలూ ఒకటే అనిపిస్తాయి. వాడెవడో అడిగిన ప్రశ్నను మోషే నలభై ఏళ్లు గొర్రెల వెంట మోసి, చివరికి తన సొంత ప్రశ్నగా దేవుని ముందు పెట్టాడు. అపొస్తలుల కార్యాల్లో స్తెఫను అదే మోషేను మాటల్లోనూ కార్యాల్లోనూ ప్రవీణుడని చెప్పాడు. ఒకప్పుడు అంతటివాడు ఇప్పుడు నాలుక తిరగదంటున్నాడంటే మధ్యలో ఏదో గాయం ఉంది.

మీకూ అలాంటి మాట ఒకటి ఉంటుంది. పదో తరగతి తప్పినప్పుడు బంధువు అన్నదో, సాక్ష్యం చెప్పడానికి లేస్తే వెనక బల్లమీద ఎవరో నవ్విన నవ్వో. ఎడమపేజీలో దాన్ని కూడా రాయండి. ఎవరన్నారో, ఎప్పుడన్నారో రాయండి. అది దేవుని మాట కాదని గుర్తుపట్టడానికి అదొక్కటే దారి.

3. దేవుడిచ్చిన జవాబు ఎటు చూపిస్తోందో గమనించండి

నాకు ఈ అధ్యాయాల్లో అన్నిటికంటే విలువైన చోటు ఇదే, అందుకే కాస్త నెమ్మదిగా చెబుతాను. నేనెంతటివాడను అని మోషే అడిగితే, నువ్వు గొప్పవాడివి, రాజు ఇంట పెరిగినవాడివి, ఐగుప్తు చదువులన్నీ చదివినవాడివి అని దేవుడు చెప్పవచ్చు. అవన్నీ నిజాలే. ఒక్కటీ చెప్పలేదు. "నిశ్చయముగా నేను నీకు తోడైయుందును" అన్నాడు. అడిగింది తన గురించి, వచ్చిన జవాబు ఆయన గురించి. యిర్మీయా నేను బాలుణ్ని, మాట్లాడటానికి శక్తి చాలదు అన్నప్పుడు కూడా అంతే. బాలుడినని అనవద్దు అన్నాడు, నేను నీకు తోడుగా ఉన్నాను అన్నాడు. యిర్మీయా వయసును మార్చలేదు.

దీన్ని ఆచరణలో పెట్టడం ఇలా. "నేను చేయగలనా?" అని మనసు అడిగిన ప్రతిసారీ దానికి జవాబు చెప్పే ప్రయత్నం మానండి. చేయగలను అని పైకి చెప్పుకున్నా లోపల నమ్మరు. చేయలేను అంటే కూలబడిపోతారు. "ఆయన నాతో వస్తాడా?" అని ప్రశ్నను మార్చి అడగండి. ఆ ప్రశ్నకు వాక్యంలో జవాబు ఉంది. పొద్దున లేవగానే, ఆ పనికి బయలుదేరే ముందు, తిరిగి వచ్చాక, ఆ జవాబును పైకి చదవండి.

మోషేకు ఇచ్చిన గుర్తు కూడా చూడండి. నీవు ప్రజలను ఐగుప్తునుంచి తీసుకువచ్చాక ఈ కొండమీదనే నన్ను సేవిస్తారు, నేను నిన్ను పంపాననడానికి అదే గుర్తు అన్నాడు. గుర్తు పని అయ్యాక వస్తుందట! మనం ముందే కావాలంటాం. మిద్యానీయుల చేతిలోంచి తన జనాన్ని విడిపించమని పిలుపు పొందిన గిద్యోను గొర్రెబొచ్చు పరచి ఒక రాత్రి బొచ్చుమీదనే మంచు కావాలన్నాడు, మర్నాడు రాత్రి నేలమీదనే కావాలన్నాడు. దేవుడు దయతో రెండూ ఇచ్చాడు. అయితే అప్పటికే యెహోవా ఆత్మ గిద్యోనుమీదికి వచ్చింది, అతను బూర ఊది మనుషుల్ని పోగుచేశాడు. బొచ్చు పరిచింది కదలిక మొదలయ్యాకే. మీరు కుర్చీలోంచి లేవకుండా మూడో బొచ్చు, నాలుగో బొచ్చు పరుస్తుంటే అది వివేచన కాదు, వాయిదా.

4. చేతిలో ఏముందో చూసుకోండి

"నీ చేతిలోనిది ఏమిటి?" అని దేవుడు అడిగితే మోషే "కర్ర" అన్నాడు. రోజూ గొర్రెలను అదిలించే కర్ర. కొద్ది వచనాల తరువాత మోషే ఐగుప్తుకు బయలుదేరినప్పుడు అదే కర్రను వాక్యం దేవుని కర్ర అంటుంది. అతను గొర్రెలు కాసిన ఆ అరణ్యంలోనే తరువాత ఒక జనాన్ని నడిపించవలసి వచ్చింది. వృథా అనుకున్న నలభై ఏళ్లు అతనికి ఆ నేలను నేర్పాయి.

మన ఒంగోలులో ఇలాంటిదే జరిగింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికన్ మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఊరి పక్కనున్న కొండెక్కి, ఒంగోలుకు ఒక సేవకుణ్ని పంపమని ప్రార్థించారు. ప్రార్థన కొండ అని ఇప్పటికీ దాన్నే పిలుస్తాం. 1866లో జాన్ క్లౌ అనే మిషనరీ అక్కడికి వచ్చాడు. ఆయన సేవకుడు కాకముందు అమెరికాలో భూముల సర్వే చేసేవాడు. బోధకుడికి సర్వే పనితో ఏం పని? 1876లో మొదలైన పెద్ద కరువులో జనం ఆకలితో రాలిపోతుంటే, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని ఆయన కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. కొలతలు తెలిసినవాడు కాబట్టి అది సాధ్యమైంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మన సంఘాల్లో చాలామంది చెప్పుకుంటారు. దాని వెనక ఉన్న కొలత గొలుసు గురించి చెప్పుకునేవాళ్లు తక్కువ.

నా సంగతీ చెప్పాలి. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు పక్క మంచంమీది ఆవిడకు పదకొండు రోజుల్లో ఒక్కరు కూడా రాలేదు. నా భారం అక్కడ మొదలైంది. క్యాన్సర్ వార్డులో ఎవరూ లేనివాళ్ల దగ్గర వారానికి ఒక గంట కూర్చోవాలని. రెండేళ్లు వాయిదా వేశాక, ఒక గురువారం సాయంత్రం ఆ తలుపు దగ్గర నిలబడ్డాను. నర్సమ్మను అడిగితే వెళ్లమన్నారు. సంచిలో ఆరు బత్తాయిలు, చేతిలో రెండు పేజీల నిండా రాసుకున్న ప్రార్థన. అరచేతుల చెమటకు కాగితం మెత్తబడిపోయింది. మూడో మంచంమీది పెద్దావిడ నా మొహంకంటే ముందు సంచిని చూసింది.

"అమ్మా, ఆ బత్తాయి ఒకటి ఒలిచి పెడతావా? నా గోళ్లలో బలం లేదు."

స్టూలు లాక్కుని కూర్చున్నాను. తోలు తీసి, తొనలమీది తెల్లని పొర తీసి, గింజలు ఏరి, ఒక్కొక్క తొనే చేతిలో పెట్టాను. రెండు తిని, మూడోది పక్క మంచానికి ఇవ్వమని సైగ చేసింది. అలా ఆరు కాయలూ అయిపోయాయి. రాసుకున్న ప్రార్థన ఆ రోజు చదవలేదు. లేవబోతుంటే ఆవిడే "మళ్లీ ఎప్పుడొస్తావు?" అని అడిగింది. ప్రార్థన చేయమని ఆవిడ నోటితోనే అడిగింది మూడు వారాల తరువాత.

ఈ రాత్రి మీరూ ఒక పట్టిక రాయండి. మీకు వచ్చిన పనులు, ఉన్న వస్తువులు, తెలిసిన మనుషులు, ఖాళీగా ఉండే గంటలు. కుట్టుమిషను, పాత ఆటో, లెక్కలు చెప్పగలగడం, ఓపికగా వినగలగడం, అన్నీ రాయండి. వాటిలో ఒకదాన్ని తీసి మీ పిలుపు పక్కన పెట్టి చూడండి.

5. మొదటి పనిని చిన్నది చేయండి, తేదీ వేయండి

గిద్యోను మిద్యానీయులకు భయపడి గానుగ చాటున గోధుమలు దుళ్లగొడుతుంటే దూత వచ్చి "పరాక్రమముగల బలాఢ్యుడా" అని పిలిచాడు. అతనికి మొదట అప్పగించిన పని యుద్ధం కాదు. తన తండ్రి బయలు బలిపీఠాన్ని పడగొట్టడం. ఇంటివాళ్లకు, ఊరివాళ్లకు భయపడి పదిమంది పనివాళ్లతో రాత్రిపూట చేశాడు. పగలు చేయలేదేమని దేవుడు నిలదీయలేదు. భయపడుతూ చేసినా చేసినట్టే లెక్క.

మీ పిలుపు మురికివాడలో బడి పెట్టడమైతే ఈ నెల బడి గురించి ఆలోచించకండి. వచ్చే శనివారం నాలుగింటికి అక్కడి ముగ్గురు పిల్లలకు అక్షరాలు చెప్పండి. వాక్యం బోధించడమైతే మొదట ఇంట్లో భోజనం తరువాత ఐదు నిమిషాలు చెప్పండి. రోజు, గంట, చోటు కాగితంమీద రాయకపోతే అది ఆశగానే మిగిలిపోతుంది.

నేర్చుకోవలసింది ఉంటే సిగ్గుపడకుండా నేర్చుకోండి. అజరయ్య గారు తిరునెల్వేలి ప్రాంతపు తమిళులు. 1909లో దోర్నకల్‌కు వచ్చారు. చుట్టూ తెలుగు పల్లెలు, తన భాష తమిళం. తెలుగు నేర్చుకుని పల్లెపల్లె తిరిగారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. నాకు మాట రాదు అనేవాళ్లు ఆయన్ని తలుచుకోండి. రాని మాటను కూర్చుని నేర్చుకోవడం కూడా విధేయతే.

6. ఒంటరిగా వెళ్లకండి

వేరేవాణ్ని పంపమన్నప్పుడు దేవునికి కోపం వచ్చినా, ఆ కోపంలోనే ఆయన ఏమన్నాడో చూడండి. నీ అన్న అహరోను లేడా, అతను నిన్ను ఎదుర్కోవడానికి వస్తున్నాడు అన్నాడు. మోషే ఇంకా సాకులు చెబుతుండగానే అహరోను దారిలో ఉన్నాడన్నమాట. గిద్యోనుకూ అంతే. ముప్ఫై రెండు వేలమంది సైన్యం పదివేలై, మూడు వందలకు తగ్గిన రాత్రి, దిగడానికి నీకు భయమైతే నీ పనివాడైన పూరాతో కలిసి దండులోకి వెళ్లు అన్నాడు దేవుడు. భయమైతే అని ఆయనే అన్నాడు. గిద్యోను పూరాను వెంటబెట్టుకునే వెళ్లాడు.

మీ అహరోను ఎవరో అడిగి తెలుసుకోండి. అడిగేటప్పుడు "నాకోసం ప్రార్థించండి" అని ఊరుకోకండి. "గురువారం ఐదింటికి నాతో రాగలవా వదినా?" అని అడగండి. మా వదిన నాలుగు నెలలు వచ్చింది. వార్డులో ఒక్కమాట మాట్లాడేది కాదు. ప్లాస్కోలో టీ తెచ్చి అందరికీ పోసేది. అంత చాలు.

7. మొదట పరిస్థితి ఇంకా చెడవచ్చు, సిద్ధపడండి

ఇది చాలామంది చెప్పరు. దేవుడు చెప్పినట్టే మోషే చేశాడు, ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడ్డాడు. ఫలితం? ఇటుకలకు గడ్డి ఇవ్వడం ఆపేశారు, లెక్క మాత్రం తగ్గించలేదు. జనం మోషేనే తిట్టారు. అప్పుడతను దేవుని దగ్గరికి తిరిగివచ్చి, నన్నెందుకు పంపావు, నీవు నీ జనాన్ని విడిపించనే లేదు అని మొరపెట్టాడు. దేవుడు అతన్ని మందలించలేదు, మార్చలేదు. మళ్లీ పంపాడు.

మొదటి నెలలో ముగ్గురు పిల్లల్లో ఇద్దరు రావడం మానేయవచ్చు. సొంతవాళ్లే మాట అనవచ్చు. దాన్ని పిలుపు తప్పు అనడానికి రుజువుగా తీసుకోకండి. మోషేలా తిరిగి ఆయన దగ్గరికే వెళ్లి, ఉన్నమాట ఉన్నట్టు చెప్పండి. మానేయాలనిపిస్తే ఆ రాత్రే నిర్ణయించుకోవద్దు. నేను పెట్టుకున్న నియమం, మరో మూడుసార్లు వెళ్లాకే ఆలోచించడం.

8. ఒంటినీ చూసుకోండి

ప్రవక్త ఏలీయా కర్మెలు కొండమీద అంత పెద్ద కార్యం చూశాక కూడా బదరీవృక్షం కింద పడుకుని ప్రాణం తీసేయమన్నాడు. దేవుడు వెంటనే ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు. నిప్పులమీద కాల్చిన అప్పం, బుడ్డిలో నీళ్లు పెట్టించాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు. మళ్లీ తినమన్నాడు. నేను పనికిరాను అనే మాట వారాల తరబడి వదలకపోతే, నిద్ర, ఆకలి పోతే, చావు తలపులు వస్తే, అది విశ్వాసలోపమని మిమ్మల్ని మీరు శిక్షించుకోకండి. ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఉపవాసాలు అప్పుడు పెట్టుకోవద్దు.

మీ నోటుపుస్తకంలో కుడిపేజీ ఇంకా ఖాళీగానే ఉంటుంది. ఉండనివ్వండి. నాది నిండటానికి చాలాకాలం పట్టింది, అదీ సగమే. "రోగుల దగ్గర ఏం మాట్లాడాలో తెలియదు" అని ఎడమవైపు రాసుకున్న వరుసకు ఎదురుగా ఇప్పుడు ఒక తేదీ, దాని పక్కన "బత్తాయి" అన్న ఒక్క మాట ఉన్నాయి. రేపు గురువారం. సంచి తలుపు దగ్గర పెట్టుకున్నాను.